రన్ కొట్టే ముందు రాసే ఐదు లైన్లు

ప్రతి ప్రాజెక్ట్ ఫోల్డర్‌లో కోడ్ పక్కనే ఒక టెక్స్ట్ ఫైల్ పెట్టుకుంటాను. పేరు 'నిర్ణయాలు'. చెప్పుకోదగ్గ మార్పు చేసే ముందు, ప్రయోగం మొదలుపెట్టే ముందు అందులో ఐదు లైన్లు రాస్తాను. మొదటి లైన్‌లో తేదీ, తేల్చాల్సిన ప్రశ్న. రెండో దాంట్లో ముందున్న దారులు. ఏమీ చేయకుండా వదిలేయడం కూడా ఆ దారుల్లో ఒకటిగా ఉండాలి. మూడో దాంట్లో ఏం జరుగుతుందనుకుంటున్నానో, ఎంత శాతం నమ్మకంతో అనుకుంటున్నానో. నాలుగో దాంట్లో ఏం కనబడితే నా మాట మార్చుకుంటానో. ఐదో దాంట్లో మళ్లీ ఎప్పుడు తెరిచి చూడాలో. అంతా కలిపి మూడు నాలుగు నిమిషాల పని. సాఫ్ట్‌వేర్‌లోనూ రీసెర్చ్‌లోనూ నాకు ఇంతగా అక్కరకొచ్చిన అలవాటు ఇంకొకటి లేదు. అందుకే అది ఎలా నడుస్తుందో, ఎక్కడ తేడా కొడుతుందో వివరంగా రాస్తున్నాను.

ముందే రాయడం ఎందుకంటే, ఫలితం చూశాక మన జ్ఞాపకం మనకు తెలియకుండానే సర్దుకుపోతుంది. మనస్తత్వ పరిశోధకులు బరూక్ ఫిష్‌హాఫ్, రూత్ బేత్ 1975లో ప్రచురించిన పరిశోధన దీన్ని చక్కగా పట్టుకుంది. 1972లో అమెరికా అధ్యక్షుడు నిక్సన్ బీజింగ్, మాస్కో వెళ్లే ముందు ఏయే సంఘటనలు జరగొచ్చో విద్యార్థుల చేత శాతాల్లో అంచనా వేయించారు. పర్యటనలు అయ్యాక, అప్పట్లో మీరేం రాశారో గుర్తు చేసుకోండి అని అడిగారు. జరిగాయని తెలిసిన వాటికి తాము మొదటే ఎక్కువ శాతం ఇచ్చినట్టు చాలామందికి గుర్తొచ్చింది. వాళ్లు అబద్ధం చెప్పడం లేదు, గుర్తే అలా మారిపోయింది. బగ్ దొరికాక 'నాకు మొదట్నుంచీ అనుమానమే' అనే మాట ప్రతి టీమ్‌లోనూ వినబడుతుంది. రాసిపెట్టిన శాతం లేకపోతే ఆ మాట నిజమో కాదో అన్నవాళ్లకే తెలియదు.

ఒక ఎంట్రీ ఇలా ఉంటుంది:

ప్రశ్న: ఆర్డర్ల లిస్ట్ పేజీ 6 సెకన్లు తీసుకుంటోంది. ఎందుకు?
దారులు: ఇండెక్స్ (వరుసల్ని త్వరగా వెతికే సూచిక) పెట్టడం, క్యాష్ (ఒకసారి వచ్చిన జవాబును దాచి మళ్లీ ఇవ్వడం) పెట్టడం, కనెక్షన్ పూల్ (డేటాబేస్‌కి సిద్ధంగా ఉంచే కనెక్షన్లు) పెంచడం, ప్రస్తుతానికి వదిలేయడం.
అంచనా: ఇండెక్స్ లేకపోవడం 70%, పూల్ నిండిపోవడం 20%, మరేదో 10%.
మాట మార్చుకునేది: క్వెరీ ప్లాన్‌లో (డేటాబేస్ మన క్వెరీకి, అంటే అడిగిన ప్రశ్నకి, జవాబు వెతికే దారిలో) ఇండెక్స్ ఇప్పటికే కనబడితే. లేదా అదే క్వెరీ విడిగా నడిపినప్పుడు 100 మిల్లీసెకన్లలోపే పూర్తయితే.
మళ్లీ చూడటం: మార్పు వెళ్లిన మూడో రోజు.

నాలుగో లైన్ రాయగానే మొదట ఏ పని చేయాలో దానంతట అదే తేలిపోతుంది. ఇండెక్స్ పెట్టడం కంటే ముందు క్వెరీ ప్లాన్ చూడాలి. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్‌లో అయితే క్వెరీ ముందు ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ పెట్టి నడపాలి. ఒక జాగ్రత్త: ఎనలైజ్ అని పెడితే క్వెరీ నిజంగానే నడుస్తుంది. అప్‌డేట్, డిలీట్ లాంటి వాటి మీద వాడితే డేటా మారిపోతుంది. అలాంటివి ట్రాన్సాక్షన్ తెరిచి, అందులో నడిపి, చివర రోల్‌బ్యాక్ కొట్టి మార్పుల్ని రద్దు చేయాలి.

ఇక్కడ ప్లాన్‌లో తేలింది ఇది. ఇండెక్స్ ఉంది, వాడుకలోనూ ఉంది. కానీ ఒక చోట డేటాబేస్ 40 వరుసలు వస్తాయని అంచనా వేసుకుంది, నిజానికి వచ్చినవి 3 లక్షలు. నలభయ్యే కదా అని నెస్టెడ్ లూప్ (ఒక్కో వరుసకీ లోపల మళ్లీ వెతికే పద్ధతి) ఎంచుకుంది. దాంతో లోపలి వెతుకులాట 3 లక్షల సార్లు జరిగింది. పెద్ద ఇంపోర్ట్ తర్వాత టేబుల్ గణాంకాలు తాజా కాకపోవడం అసలు కారణం. ఆ గణాంకాల్ని తాజా చేసే ఎనలైజ్ కమాండ్ (పైన చెప్పిన ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ కాదు, ఇది వేరు) ఒక్కసారి నడపగానే ప్లాన్ మారింది, పేజీ మామూలైంది. 70% పెట్టుకున్న అంచనా తప్పింది, 10% మిగిల్చిన 'మరేదో' నిజమైంది. ఇదే ప్లాన్ చూడకుండా క్యాష్ పెట్టి ఉంటే పేజీ వేగంగానే కనబడేది. కారణం మాత్రం అలాగే ఉండిపోయి, మరో పేజీలో మరో రోజు బయటపడేది. అప్పుడు క్యాష్‌నే అనుమానించాల్సి వచ్చేది.

'మరేదో' అనే గడిని ఎప్పుడూ ఖాళీగా వదలకూడదు. తెలిసిన కారణాలు ఎన్ని రాసినా, ఆ జాబితాలో లేనిదానికి కనీసం 10% ఉంచుతాను. 1890లోనే టి.సి. చాంబర్లిన్ అనే భూగర్భ శాస్త్రవేత్త ఒకేసారి పలు ఊహలు పెట్టుకుని పనిచేయమని రాశాడు. ఒకే ఊహ ఉంటే దాని మీద మమకారం పుడుతుందని, అప్పుడు దానికి సరిపోయే ఆధారాలే కంటికి ఆనుతాయని ఆయన బాధ. డీబగ్గింగ్ చేసేవాళ్లకు ఇది రోజూ ఎదురయ్యేదే. రెండు గంటలు ఒకే ఫైల్‌లో తిరుగుతున్నామంటే సాధారణంగా ఊహ ఒక్కటే ఉందని అర్థం.

అన్ని నిర్ణయాలకూ ఇంత తతంగం అక్కర్లేదు. వేరియబుల్ పేరు, ఫంక్షన్ ఎక్కడ ఉండాలి, ఏ లైబ్రరీతో తేదీలు ఫార్మాట్ చేయాలి, ఇలాంటివి పది నిమిషాల్లో వెనక్కి తిప్పుకోగలం. వాటి మీద చర్చ పది నిమిషాలు దాటితే, తప్పు నిర్ణయానికయ్యే ఖర్చు కంటే చర్చ ఖర్చే ఎక్కువ. వెనక్కి తీసుకోవడం కష్టమైనవి వేరే ఉన్నాయి: డిస్క్ మీద డేటా ఏ ఆకారంలో నిల్వ ఉంటుంది, టేబుల్‌కి ప్రైమరీ కీ ఏది, బయటివాళ్లు వాడే ఏపీఐలో ఏ ఫీల్డ్ ఏం అర్థం ఇస్తుంది, డేటా తుడిచివేయడం, టైమ్‌జోన్ లేకుండా సమయం దాచుకోవడం. రీసెర్చ్‌లో అయితే డేటా సేకరించే పద్ధతి, ప్రశ్నావళిలో అడిగే మాట, శాంపిల్‌ను ఎలా ఎంచుకుంటాం అన్నవి. సేకరణ అయిపోయాక వాటిని ఏ విశ్లేషణా సరిచేయలేదు. ఒక నిర్ణయానికి ఎంత సమయం పెట్టాలో తేల్చేది దాన్ని విప్పడానికి ఎంత పడుతుందన్నదే.

విప్పలేని నిర్ణయాన్ని విప్పగలిగేలా మార్చుకోవడం మరీ మంచి పని. డేటాబేస్‌లో కాలమ్ మార్పునే తీసుకోండి. ఒక్క దెబ్బలో పేరు మారిస్తే పాత కోడ్ ఆగిపోతుంది, వెనక్కి రావడమూ కష్టం. దాన్ని విడతలుగా చేస్తాను. ముందు కొత్త కాలమ్, ఖాళీగా ఉండటానికి అనుమతిస్తూ. తర్వాత పాతదానిలోనూ కొత్తదానిలోనూ రాసే కోడ్. ఆ కోడ్ అన్ని సర్వర్ల మీదకీ వెళ్లిందని నిర్ధారించుకున్నాకే పాత డేటాను కొత్త కాలమ్‌లోకి నింపడం, ఒక్కో విడతకు 1000 నుంచి 5000 వరుసల చొప్పున, మధ్యలో కాస్త విరామం ఇస్తూ. ఆ తర్వాత రెండు కాలమ్‌లూ వేరుగా ఉన్న వరుసలు ఎన్నో లెక్కపెట్టే క్వెరీ. సున్నా రావాలి. అప్పుడు చదవడాన్ని ఫ్లాగ్ (కోడ్ మార్చకుండా ఆన్, ఆఫ్ చేయగల స్విచ్) వెనుక కొత్త కాలమ్‌కి మార్చి, ముందు 1% ట్రాఫిక్‌కి, తర్వాత మిగతాదానికి. చివరగా, అన్నిటికంటే ఆలస్యంగా, పాత కాలమ్ తీసేయడం.

ఇందులో రెండు చోట్ల దెబ్బ తగులుతుంది. మొదటిది వరుసక్రమం. ఒక్క సర్వర్ మీద పాత కోడ్ మిగిలి ఉండగా డేటా నింపడం మొదలుపెడితే, ఆ సర్వర్ ఆ తర్వాత చేసే అప్‌డేట్లు పాత కాలమ్‌లోకే వెళ్తాయి. కొత్తదానిలో పాత విలువ మిగిలిపోతుంది, ఎర్రర్ ఏదీ రాదు. నింపే స్క్రిప్ట్‌లో 'కొత్త కాలమ్ ఖాళీగా ఉన్న వరుసలు మాత్రమే' అన్న షరతు లేకపోతే దానికి సరిగ్గా ఎదురు ప్రమాదం ఉంది: అప్పుడే రాసిన తాజా విలువ మీద స్క్రిప్ట్ ఇంతకుముందు చదివిన విలువను రాసేస్తుంది. రెండోది పాత కాలమ్‌ను ఎవరు చదువుతున్నారో తెలియకపోవడం. రోజూ నడిచే కోడ్ రెండు రోజుల్లో తెలిసిపోతుంది. నెలకోసారి నడిచే రిపోర్ట్ తెలియదు. అందుకే పాత కాలమ్ తీసేసే ముందు కనీసం ఒక నెల చివర దాటనిస్తాను.

సర్వర్లు, ఫ్లాగ్‌లు అన్నాక నైట్ క్యాపిటల్ ఉదంతం చెప్పకుండా ఉండలేను. 2012 ఆగస్టు 1న ఆ ట్రేడింగ్ సంస్థ సుమారు 45 నిమిషాల్లో 44 కోట్ల డాలర్లకు పైగా పోగొట్టుకుంది. కొత్త కోడ్ వెళ్లాల్సిన ఎనిమిది సర్వర్లలో ఒకదానికి వెళ్లలేదు. కొత్త ఫీచర్ కోసం, ఏళ్లుగా వాడని ఒక పాత ఫ్లాగ్‌నే మళ్లీ వాడారు. ఎనిమిదో సర్వర్ మీద ఆ ఫ్లాగ్ పాత కోడ్‌ని నిద్రలేపింది. ఈ మాత్రం చాలామందికి తెలుసు. నేను ఎక్కువగా ఆలోచించేది తర్వాత జరిగినదాని గురించి. గందరగోళంలో వాళ్లు సరిగ్గా పనిచేస్తున్న ఏడు సర్వర్ల నుంచి కొత్త కోడ్‌ని తీసేశారు, అంటే రోల్‌బ్యాక్ చేశారు. ఫ్లాగ్ మాత్రం ఆన్‌లోనే ఉంది. దాంతో పాత కోడ్ మిగతా వాటి మీదా నడవడం మొదలైంది. వెనక్కి వెళ్లడం కూడా ఒక మార్పే. అందుకే డిప్లాయ్ (కొత్త కోడ్‌ని సర్వర్ల మీదకి పంపడం) ఎంట్రీలో నాలుగో లైన్‌కి ఇంకో ముక్క చేరుస్తాను: వెనక్కి వెళ్తే ఏ స్థితికి వెళ్తాం, ఆ స్థితిని ఎప్పుడైనా పరీక్షించామా. పాత కోడ్‌కి కొత్త ఫ్లాగ్, పాత కోడ్‌కి కొత్త డేటా, ఈ రెండు జతలూ స్టేజింగ్‌లో (అసలు సిస్టమ్‌ని పోలిన పరీక్షా సిస్టమ్‌లో) ఒకసారి నడిచి ఉండాలి. వాడిన ఫ్లాగ్ పేరు ఇంకెప్పుడూ వాడకూడదు.

బగ్ పోయిందని తేల్చడం కూడా ఒక నిర్ణయమే, దానికీ లెక్క ఉంది. ఫ్లేకీ టెస్ట్ (కోడ్ మారకపోయినా ఒకసారి పాసై ఒకసారి ఫెయిలయ్యేది) ఒకటి పదిసార్లకు ఒకసారి ఫెయిలవుతోందనుకోండి. మార్పు చేసి ఐదుసార్లు నడిపాం, ఐదూ పాసయ్యాయి. బాగైందా? ఏమీ బాగవకపోయినా ఐదూ పాసయ్యే అవకాశం 0.9ని ఐదుసార్లు గుణిస్తే వస్తుంది, అంటే 59%. ఆ ఐదు పాస్‌ల వల్ల తెలిసింది దాదాపు ఏమీ లేదు. ఆ అవకాశం 5% లోపుకు రావాలంటే వరుసగా 29 సార్లు పాసవ్వాలి. 1% లోపుకు రావాలంటే 44 సార్లు. ఇరవై సార్లకు ఒకసారి ఫెయిలయ్యే టెస్ట్‌కైతే 5% లోపుకే 59 సార్లు కావాలి. మొదట ఎంత తరచుగా ఫెయిలవుతుందో తెలియనప్పుడు ఇంకో తేలిక లెక్క ఉంది: ఎన్నిసార్లు నడిపినా ఒక్కటీ ఫెయిల్ కాకపోతే, 3ని ఆ సంఖ్యతో భాగించండి. 300 సార్లు నడిపి ఒక్కటీ ఫెయిల్ కాకపోతే, ఫెయిల్ రేటు 1% లోపే ఉందని 95% నమ్మకంతో అనొచ్చు. ఎన్నిసార్లు నడపాలో మార్పు చేయకముందే ఫైల్‌లో రాసుకోవాలి. లేకపోతే అలసిపోయినప్పుడు ఆగి, అదే సరిపోతుందని సర్దిచెప్పుకుంటాం.

గిట్ బైసెక్ట్ (బగ్ తెచ్చిన కమిట్‌ని, అంటే కోడ్ మార్పుని, వెతికే సాధనం) వాడేటప్పుడు ఈ లెక్క మరీ ముఖ్యం. వెయ్యి కమిట్లలో ఏది పాడుచేసిందో సగాలుగా విడగొడుతూ పోతే పది అడుగుల్లో దొరకాలి. కానీ టెస్ట్ పదికి ఒకసారే ఫెయిలయ్యేదైతే, చెడ్డ కమిట్ దగ్గర ఒక్కసారి నడిపి చూస్తే 90% సార్లు పాసవుతుంది. దాన్ని మంచిదని గుర్తుపెట్టగానే వెతుకులాట తప్పు సగంలోకి వెళ్లిపోతుంది, అక్కడి నుంచి ఎంత శ్రద్ధగా వెతికినా ఏ సంబంధమూ లేని కమిట్ దగ్గర తేలుతుంది. పాపం ఆ కమిట్ రాసినవాళ్లు రోజంతా తమది కాని తప్పు కోసం వెతుకుతారు. అడుగుకు 29 సార్లు నడిపినా, దారిలో ఐదు చెడ్డ కమిట్లు తగిలితే ఎక్కడో ఒక చోట తప్పటడుగు పడే అవకాశం 21% దాకా ఉంటుంది. 44 సార్లు నడిపితే 5% లోపుకు దిగుతుంది. టెస్ట్‌కి 20 సెకన్లనుకుంటే పది అడుగులకు సుమారు రెండున్నర గంటలు. ఒక ఫెయిల్ కనబడగానే ఆ అడుగు ఆపేయొచ్చు కాబట్టి నిజానికి తక్కువే పడుతుంది. స్క్రిప్ట్ రాసి బైసెక్ట్ రన్‌కి అప్పజెప్పేయండి. కమిట్ బిల్డే అవ్వనప్పుడు స్క్రిప్ట్ 125 ఎగ్జిట్ కోడ్ ఇవ్వాలి, అప్పుడు గిట్ దాన్ని దాటవేస్తుంది. అక్కడ 1 ఇస్తే బిల్డ్ కానిదంతా చెడ్డదే అనుకుంటుంది.

వేగం కొలిచే పనిలో మోసపోవడం ఇంకా తేలిక. కొత్త కోడ్ 3% వేగంగా ఉందని ఎవరైనా అంటే నేను మొదట అడిగేది, పాత కోడ్‌ని పాత కోడ్‌తోనే పోల్చి చూశారా అని. ఒకే బైనరీని రెండు పేర్లతో పెట్టి, రెండు వేర్వేరు వెర్షన్లు అన్నట్టే కొలవాలి. ఆ రెంటి మధ్యే 4% తేడా వస్తే, ఆ మెషీన్ మీద ఆ పద్ధతితో 3% గురించి మాట్లాడటానికి వీల్లేదు. కొలిచేటప్పుడు పాతది పదిసార్లు, ఆ వెంటనే కొత్తది పదిసార్లు నడపకూడదు. ల్యాప్‌టాప్ వేడెక్కేకొద్దీ ప్రాసెసర్ వేగం తగ్గించుకుంటుంది, ఆ శిక్ష రెండోదానికి పడుతుంది. పాతది, కొత్తది, పాతది, కొత్తది అంటూ మార్చి మార్చి నడపాలి. మొదటి రెండు మూడు రన్‌లు వదిలేయాలి, అప్పటికి క్యాష్‌లు నిండవు, జిట్ కంపైలర్ (ప్రోగ్రామ్ నడుస్తుండగానే కంపైల్ చేసేది) ఉన్న భాషలైతే కంపైల్ కూడా పూర్తవదు. సగటు బదులు మీడియన్ (వరుసగా పేర్చితే సరిగ్గా మధ్యన వచ్చేది) చూడాలి. వాడేవాళ్ల అవస్థ తెలియాలంటే నూటికి తొంభైతొమ్మిదో స్థానం (నూటికి తొంభైతొమ్మిది ఎంతలోపు పూర్తవుతాయో ఆ సమయం) కూడా చూడాలి. మీడియన్ బాగుపడి అది పాడైన మార్పులు తక్కువేమీ ఉండవు.

అంతకుముందే, ఆ పని చేయడం దండగో కాదో కాగితం మీద తేలుతుంది. కంప్యూటర్ ఇంజినీర్ జీన్ ఆమ్‌డాల్ 1967లో వాదించిన లెక్కే ఇది. ప్రొఫైలర్‌లో (ఏది ఎంత సమయం తింటోందో చూపే సాధనంలో) ఒక ఫంక్షన్ మొత్తం సమయంలో 5% తింటుంటే, దాన్ని పూర్తిగా మాయం చేసినా మిగిలేది 95%. అంతకంటే ఒక్క గీత ముందుకు పోదు. 80% తినే భాగాన్ని రెండింతలు వేగం చేస్తే మొత్తం 60%కి దిగుతుంది. ఈ రెండు వాక్యాలు ముందే రాసుకుంటే వారాలు మిగులుతాయి. మనకు నచ్చిన ఆల్గారిథం ఆ 5%లోనే ఉంటే మాత్రం దాన్ని వదిలిపెట్టడం కష్టమే, ఆ బాధ నిజమైనదే.

రీసెర్చ్‌లో ప్రమాదం ఇంకో దిక్కు నుంచి వస్తుంది. ఫలితం మనకు నచ్చకపోతే కోడ్ మళ్లీ చదువుతాం, డేటా మళ్లీ చూస్తాం, సీడ్ (యాదృచ్ఛిక సంఖ్యల్ని మొదలుపెట్టే విలువ) మారుస్తాం. నచ్చితే టేబుల్‌లో వేసుకుని ముందుకు పోతాం. ఎంత నిజాయితీగా చేసినా, ఈ ఒక్క తేడా చాలు, ఫలితాలన్నీ మనవైపే ఒరగడానికి. దీనికి నాకు తెలిసిన మందు ఒకటే: ఫలితం రాకముందే తనిఖీల జాబితా రాసి, వచ్చింది ఏదైనా సరే అవన్నీ చేయడం. మోడల్ ట్రైనింగ్ పనిలో నా జాబితాలో మొదటి రెండూ ఎప్పుడూ ఇవే. పది ఉదాహరణలు మాత్రమే ఇచ్చి ట్రైన్ చేస్తే లాస్ (మోడల్ చేసే తప్పుల కొలత) దాదాపు సున్నాకి రావాలి. రాకపోతే మోడల్‌లోనో, లేబుళ్లు (ఒక్కో ఉదాహరణకీ ఇచ్చే సరైన జవాబులు) చదివే కోడ్‌లోనో తప్పుంది. తర్వాత ట్రైనింగ్ లేబుళ్లన్నీ కలగాపులగం చేసి ట్రైన్ చేసి, అసలు లేబుళ్లతో పరీక్షించాలి. అప్పుడు టెస్ట్ ఫలితం గుడ్డిగా ఊహించినంతే రావాలి. అంతకంటే బాగా వస్తే జవాబు ఎక్కడి నుంచో లీక్ అవుతోంది.

లీక్ ఎక్కడుంటుందంటే, ఎక్కువగా మూడు చోట్ల. డేటా మొత్తం మీద సగటు, స్టాండర్డ్ డీవియేషన్ లెక్కకట్టి నార్మలైజ్ చేశాక ట్రైన్, టెస్ట్‌గా విడగొట్టడం ఒకటి. ముందు విడగొట్టాలి, లెక్క ట్రైన్ భాగం మీదే కట్టాలి. ఒకే మనిషివో ఒకే పరికరానివో రికార్డులు రెండు వైపులా పడటం రెండోది. ఇక్కడ వరుసల వారీగా కాకుండా మనుషుల వారీగా విడగొట్టాలి. మూడోది కాలం: రేపటి డేటాతో నేర్చుకుని నిన్నటిని ఊహించడం. అచ్చు నకళ్లు కూడా చూసుకోవాలి. ప్రతి వరుసకీ ఒక హాష్ (అందులోని డేటా నుంచి కట్టే చిన్న గుర్తు) లెక్కకట్టి టెస్ట్‌లోవి ట్రైన్‌లో ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టడం పది లైన్ల కోడ్.

సీడ్ల విషయం. రెండు పద్ధతుల్ని ఒక్కో సీడ్‌తో పోలిస్తే ఏది మెరుగో తెలియదు, ఏ సీడ్ కలిసొచ్చిందో తెలుస్తుంది. కనీసం ఐదు సీడ్లు, రెండు పద్ధతులకీ అవే సీడ్లు, ఐదింటి ఫలితాలూ చూపించాలి. కొత్త పద్ధతికి ఎన్ని హైపర్‌పారామీటర్లు (ట్రైనింగ్‌కి ముందే మనం ఎంచుకునే సెట్టింగ్స్) ప్రయత్నించామో బేస్‌లైన్‌కి (పోల్చి చూసే పద్ధతికి) కూడా అన్నే ప్రయత్నించాలి. బేస్‌లైన్‌ని డిఫాల్ట్ సెట్టింగ్స్‌తో వదిలేసి గెలిచామనుకోవడం తరచూ కనబడే తప్పు. ఎన్ని ప్రయత్నాలు చేశామో కూడా ఫైల్‌లో ఉండాలి. అసలు ప్రభావమే లేనిచోట ఒకదానితో ఒకటి సంబంధం లేని 20 పోలికలు చేస్తే, పి-వాల్యూ (ప్రభావమే లేకపోయినా కనీసం ఇంత తేడా రావడానికున్న అవకాశం) 0.05 కంటే తక్కువ కనీసం ఒకదానికైనా వచ్చే అవకాశం 64%. మిగతా 19 రాయకుండా ఆ ఒక్కటే రాస్తే చదివేవాళ్లకు తెలిసే దారి లేదు, ఆరు నెలలయ్యాక మనకే గుర్తుండదు.

మరీ బాగున్న ఫలితం గురించి ఓపెరా అనే భౌతిక శాస్త్ర ప్రయోగం గుర్తుచేసుకుంటాను. 2011 సెప్టెంబరులో జెనీవా దగ్గరి సెర్న్ పరిశోధన కేంద్రం నుంచి సుమారు 730 కిలోమీటర్ల దూరంలో, ఇటలీలోని గ్రాన్ సాసోకి న్యూట్రినోలు అనే సూక్ష్మ కణాలు కాంతి కంటే దాదాపు 60 నానోసెకన్లు ముందు చేరినట్టు వాళ్ల కొలతల్లో వచ్చింది. నెలల తరబడి తనిఖీ చేసినా తప్పు దొరక్క, మిగతావాళ్లనీ పరిశీలించమని బయటపెట్టారు. 2012 ఫిబ్రవరికి, జీపీఎస్ సమయాన్ని మోసుకొచ్చే ఒక ఆప్టికల్ ఫైబర్ కేబుల్ సరిగ్గా బిగించి లేదని తేలింది. గణాంకాల్లో ఏ లోపమూ లేదు, అవి ఎంత గట్టిగా ఉన్నా వదులుగా ఉన్న కేబుల్‌ని పట్టుకోలేవు. ఎక్కువ శాంపిళ్లు తీసుకుంటే తగ్గే తప్పు వేరు, ఎన్ని తీసుకున్నా తగ్గని తప్పు వేరు. ఊహించినదానికంటే చాలా మెరుగైన సంఖ్య కనబడిన రోజు నేను వేసుకునే ప్రశ్న, ఇది తప్పయితే తప్పు ఎక్కడ ఉండి ఉండాలి అని. మూడు చోట్లు రాసి, మూడూ చూశాకే ఎవరికైనా చెబుతాను.

పని ఎన్ని రోజులు పడుతుందో చెప్పడం గురించి క్లుప్తంగా. 1994లో మనస్తత్వవేత్త రోజర్ బ్యూలర్ బృందం ప్రచురించిన అధ్యయనంలో, విద్యార్థులు తమ థీసిస్ సగటున 33.9 రోజుల్లో పూర్తవుతుందన్నారు, పట్టింది 55.5 రోజులు. పనిని ముక్కలు చేసి కూడినంత మాత్రాన ఇది పోదు. రివ్యూ కోసం ఎదురుచూపు, టెస్ట్ డేటా తయారీ, డిప్లాయ్‌కి అనుమతి, ఇవి ఆ ముక్కల్లో ఉండవు కాబట్టి. గత పది పనుల్లో పట్టిన రోజుల్ని చెప్పిన రోజులతో భాగించి, వచ్చిన పది సంఖ్యల మీడియన్‌తో కొత్త అంచనాను గుణిస్తాను. చెప్పేటప్పుడు ఒక సంఖ్య కాకుండా రెండు చెబుతాను, సగానికి సగం అవకాశం ఉన్నదొకటి, 90% నమ్మకం ఉన్నదొకటి. రెండో సంఖ్య విని ఎవరైనా మొహం చిట్లించినా మార్చను.

మూడు నెలలకోసారి ఫైల్ మొత్తం తెరుస్తాను. 70% అన్నవి ఒక చోట, 80% అన్నవి ఒక చోట, 90% అన్నవి ఒక చోట చేర్చి, ఎన్ని నిజమయ్యాయో లెక్కపెడతాను. మొత్తం మీద ఒక సంఖ్య కావాలంటే వాతావరణ అంచనాల కోసం గ్లెన్ బ్రయర్ 1950లో ప్రతిపాదించిన స్కోర్ ఉంది. 80% అన్నది జరిగితే 0.2ని దానితోనే గుణించి 0.04, జరగకపోతే 0.8ని దానితోనే గుణించి 0.64. అన్నిటి సగటు తీయాలి, తక్కువైతే మేలు. ప్రతిదానికీ కళ్లు మూసుకుని 50% అనేవాళ్లకు 0.25 వస్తుంది, అంతకంటే ఎక్కువ వస్తే మన శాతాలు మనల్ని పక్కదారి పట్టిస్తున్నాయన్నమాట. తొందరపడి తీర్పు చెప్పకండి. 80% అన్నవి 20 ఉంటే 16 నిజమవ్వాలి, కానీ 13 నుంచి 19 దాకా ఏదొచ్చినా అది కేవలం అదృష్టం కావొచ్చు. నా అనుభవంలో బగ్ కారణాల మీద శాతాలు త్వరగా దారిలో పడతాయి, ఎందుకంటే జవాబు గంటల్లో తెలుస్తుంది. డిజైన్ నిర్ణయాల మీద ఏళ్లు పడుతుంది, అందుకే వాటి ఐదో లైన్‌లో తేదీని ఆరు నెలల తర్వాతకి పెట్టి క్యాలెండర్‌లో కూడా వేసుకుంటాను.

ఆ రోజు ఎంట్రీ కింద రెండు విషయాలు విడివిడిగా రాయాలి: ఫలితం ఎలా వచ్చింది, అప్పుడు తెలిసిన సమాచారంతో నిర్ణయం సరైనదేనా. 90% నమ్మకంతో చేసినవి పదికి ఒకటి తప్పాలి. తప్పిందని ఆ నిర్ణయ పద్ధతినే మార్చేస్తే ఉన్నది చెడుతుంది. టెస్టులు నడపకుండా శుక్రవారం సాయంత్రం డిప్లాయ్ చేసినా ఏమీ కాకపోవచ్చు. దాన్ని మంచి నిర్ణయాల ఖాతాలో వేసుకోకూడదు. పాత ఎంట్రీని దిద్దను, కింద చేరుస్తానంతే.

టీమ్‌లో వాదన తెగనప్పుడు కూడా ఈ ఫైలే ఆసరా. ఇద్దరం చెరో శాతం రాస్తాం, ఏ కొలత చూస్తే మార్చుకుంటామో రాస్తాం. సగం వాదనలు అక్కడే ముగుస్తాయి, ఇద్దరూ రాసింది 60%, 70% అని తేలుతుంది కాబట్టి. మిగతావాటికి చేయాల్సిన కొలత దొరుకుతుంది. పెద్ద పని మొదలుపెట్టే ముందైతే మనస్తత్వవేత్త గ్యారీ క్లైన్ ప్రీమార్టెమ్ అని పేరుపెట్టిన పద్ధతి వాడతాం: ఏడాది గడిచింది, ఈ ప్రాజెక్ట్ ఘోరంగా విఫలమైంది, ఎందుకో పది నిమిషాలు ఎవరికి వారు మాట్లాడకుండా రాయండి. మాట్లాడకుండా అన్నది ముఖ్యం. ముందు సీనియర్ నోరు తెరిస్తే మిగతావాళ్ల కాగితాలు ఆయన మాట చుట్టూనే తిరుగుతాయి.

సిస్టమ్ పడిపోయి అందరూ ఫోన్‌లో ఉన్నప్పుడు ఐదు లైన్లు రాసే తీరిక ఉండదు. అప్పుడు ఒక్క లైన్ చాలు, అందరూ చూసే చాట్‌లో, చేయి వేయడానికి ముందు: '10:42, కొత్త సెర్చ్ ఫ్లాగ్ ఆపుతున్నాను, ఐదు నిమిషాల్లో ఎర్రర్లు సగానికి తగ్గాలి, తగ్గకపోతే మళ్లీ ఆన్ చేస్తాను.' తర్వాత 10:47కి ఇంకో లైన్. ఒకరు చేసిన మార్పు పూర్తిగా తేలకుండా ఇంకొకరు రెండోది చేయకూడదు. చేస్తే ఎర్రర్లు తగ్గినా దేనివల్ల తగ్గాయో తెలియదు, తెల్లవారాక ఆ రెండింట్లో దేన్ని వెనక్కి తీసుకోవాలో ఎవరూ చెప్పలేరు.